మడతబందు మీది అద్దం

గార్న్ బిక్‌మోర్ షెడ్డు గోడకి జీపు తలుపులు వరసగా ఆనించి కనిపించాయంటే పైపర్ వాష్ ఊరికి ఎండాకాలం వచ్చినట్టే. యూటా దక్షిణాన ఎర్రబండల మధ్య పడి ఉన్న ఆ ఊరికి ఇప్పుడు మిగిలిన బతుకుతెరువు అదొక్కటే. ఎక్కడెక్కడి నుంచో మనుషులు దిగుతారు, జీపు అద్దెకి తీసుకుంటారు, దారి లేని రాళ్ల మీదికి వాళ్లంతట వాళ్లే తోలుకుంటూ పోవాలని ముచ్చటపడతారు. తలుపులుంటే వాళ్లకి ఆనదు. గాలి మొహాన కొట్టాలి, పక్కకి వంగితే చక్రం కింద రాయి కనపడాలి.

తలుపులు ఊడదీసే పని మెర్లా స్టాగ్‌ది. అదేమంత పని కాదు. తలుపుకి పైనా కిందా రెండు మడతబందులుంటాయి. లోపలి వైరు పీకి, గుడ్డపట్టీ కొక్కెం తప్పించి, నట్లు విప్పి, తలుపుని రెండు చేతులా పైకెత్తితే వచ్చేస్తుంది. కష్టమంతా ఆ తర్వాతే. ఈ బండ్లకి పక్క అద్దాలు తలుపులకే ఉంటాయి కనక తలుపుతో పాటు అద్దమూ పోతుంది. అప్పుడు బండి ఒంటికి మిగిలిపోయిన పైబందు మీద ఒక ఇనప చెయ్యి బిగించి, దాని కొసన వేరే అద్దం పెట్టాలి. పెట్టినా అది నిలవదు. రాళ్ల మీద కుదుపుకి బోల్టు వదులవుతుంది, చెయ్యి వాలుతుంది, అద్దం తన ఇష్టం వచ్చినవైపు చూడటం మొదలెడుతుంది. అందుకని ప్రతి సోమవారం అతిథుల బండ్లన్నిటి దగ్గరికీ స్పానరు పట్టుకుని వెళ్లి, ఒక్కో అద్దాన్నీ మళ్లీ బిగించి రావడం కూడా ఆమె లెక్కలోనే ఉండేది.

మెర్లాకి ఈ పని ఎవరూ నేర్పలేదు. తండ్రి గనుల నుంచి ఖనిజం మోసే లారీ తోలేవాడు. గనులు మూతపడ్డాక ఆయన వరండాలో కూర్చుని రోడ్డు చూస్తూ గడిపాడు. ఆమె ఊళ్లో ఉన్న ఒకే ఒక్క హోటల్లో ఆపిల్ పళ్ల కేకులు కాలుస్తూ పెళ్లి చేసుకుంది, ఆ కేకులు కాలుస్తూనే విడాకులు తీసుకుంది. హోటలు కూడా మూసేశాక జీపులు కడగడానికి గార్న్ దగ్గర చేరింది. ఒకసారి గేరుపెట్టె చెడితే బాగుచేసేవాడు దొరకలేదు. ఆమె దాన్ని విప్పి, విప్పిన వరసలోనే ముక్కల్ని పాత దుప్పటి మీద పరుచుకుంటూ పోయింది. చివర విరిగిన పన్ను కనిపించాక దాన్ని మార్చి, దుప్పటి ఆ కొస నుంచి ఈ కొసకి బిగించుకుంటూ వచ్చింది. బండి కదిలింది. అప్పట్నుంచి కడగడం ఇంకొకరి పనయింది.

తర్వాత ఆమెకి ముందు బండి ఇచ్చారు. రాళ్ల మీదికి పోయేటప్పుడు ముందు మెర్లా, మధ్యలో అతిథులు, చివర గార్న్. ఆ చివరిదాన్ని తోక బండి అంటారు. ఇలా వరసగా పోయేవాళ్లకి ఆ ప్రాంతమంతా ఒకటే కట్టుబాటు. నీ వెనక బండి నీది. అది అద్దంలో కనిపించినంతసేపే నువ్వు ముందుకి పోవాలి. కనపడకపోతే ఆగిపోవాలి. నువ్వు ఆగితే నీ ముందువాడికి నువ్వు కనపడవు కనక వాడూ ఆగుతాడు. అలా గొలుసులాగా అందరూ ఆగుతారు. దాన్ని నమ్ముకునే పసిపిల్లల్ని వెంటేసుకుని కూడా జనం ఆ బండల్లోకి పోయేవారు.

మొన్న చలికాలంలో మెర్లా మెడకి ఆపరేషన్ అయింది. అరిగిపోయిన ఎముకల మధ్య లోహపు పలక పెట్టి బిగించారు. చెయ్యి తిమ్మిరి తగ్గింది. మెడ మాత్రం ఇక తిరగదన్నారు. ఎటు చూడాలన్నా భుజాలతో సహా తిరగాలి.

ఈ సంగతి గార్న్ చాలా రోజులు గమనించనట్టే ఊరుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి, తుంటి నొప్పితో పక్కకి ఒరిగి నడుస్తాడు. ఒక పొద్దున షెడ్డులో ఆమె ఇంజిన్ ఆయిలు మారుస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"మెర్లా, టైమెంతయింది?"

గడియారం ఆమె వెనక గోడ మీద ఉంది. ఆమె చేతిలో గుడ్డ పక్కన పెట్టి, మడమల మీద గిర్రున తిరిగి చూసింది.

"పదీ పావు."

"మొత్తం మనిషివే తిరిగావు."

"గడియారం కనిపించింది కదా."

"సీటుబెల్టు కట్టుకుని అట్లా తిరగలేవు."

"అద్దాలెందుకున్నాయి మరి?"

"ఆ అద్దాల సంగతి నాకు చెప్పకు. కొండ ఎక్కేలోపు ఒకటి నీ మోకాలు చూస్తుంటుంది, ఇంకోటి గద్దల్ని చూస్తుంటుంది."

"నా బండికి నేను చేసుకుంటా."

గార్న్ టోపీ తీసి లోపల ఏదో ఉన్నట్టు చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "శుక్రవారం అతిథుల బండి ఒక్కటే ఉంది. నువ్వు ముందు, నేను తోక. నీ వెనక బండిని దారి పొడుగునా అద్దాల్లోనే పట్టి ఉంచగలిగితే ముందు బండి నీది. ఇక ఆ మాట ఎత్తను."

"లేకపోతే?"

"సోమవారం నుంచి కౌంటరు. టోపీలు, ఎండకి పూసుకునే క్రీములు అమ్మాలి. కుర్చీ మెత్తగా ఉంటుంది."

"అంత మెత్తగా ఉంటే నువ్వే కూర్చో."

"నా మొహం చూసి ఎవడు కొంటాడు టోపీ?"

అతను కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె ఆ కౌంటరు వైపు చూడలేదు. చూడాలంటే మళ్లీ తిరగాలి. గాజు అద్దాల అల్మారా, నవ్వుతూ మాట్లాడాల్సిన మనుషులు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏసీ గాలి. తండ్రి వరండా గుర్తొచ్చింది. అక్కడ కూర్చుంటే తను లేవదని ఆమెకి తెలుసు.

ఆ శుక్రవారానికి ముందొచ్చిన సోమవారం ఆమె అతిథుల బండ్ల జోలికి పోలేదు. తన బండి పని పెట్టుకుంది.

అందరూ అద్దాలు షెడ్డులో సిమెంటు నేల మీద సరిచేస్తారు. ఆమె కూడా ఇన్నేళ్లూ అట్లాగే చేసింది. కాని బండి రోజంతా ఉండేది సిమెంటు మీద కాదు. ముక్కు పైకి లేస్తే అద్దంలో నేల తప్ప ఇంకేమీ ఉండదు, ముక్కు దిగితే ఆకాశం. ఇదివరకైతే మెడ తిప్పి చూసుకునేది కనక ఆ సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు షెడ్డు వెనక ఉన్న బండరాయి ఏటవాలు మీదికి జీపు ఎక్కించి, అక్కడే చేతి బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి పనికి కూర్చుంది. పైబందు మీద ఎప్పటి అద్దమే పెట్టింది, చదును నేలకీ రోడ్డుకీ అది చాలు. దాని ఇనప చెయ్యిని మాత్రం సగానికి కోసేసింది. చెయ్యి ఎంత పొట్టిగా ఉంటే అద్దం అంత తక్కువ వణుకుతుంది. కింది బందు మీద రెండోది. పాత స్కూలు బస్సుది ఉబ్బెత్తు గుండ్రటి అద్దం తుప్పు సామాన్లలో దొరికింది. ఉబ్బెత్తు అద్దంలో మనిషి ఉన్నదానికంటే దూరంగా, చిన్నగా కనపడతాడు, కాని వెనక ఉన్నదంతా అందులోకి వచ్చేస్తుంది. దానికి టైరు ట్యూబు కోసి మందపాటి వాషర్లు వేసింది. బిగించేది, బండిని కిందికి దింపి మళ్లీ ఎక్కించేది, చూసేది, విప్పేది. సీటు దిగిన ప్రతిసారీ ఎత్తు మీంచి నేల మీద కాలు పడగానే మెడలో ఎవరో సుత్తితో కొట్టినట్టయేది. ఆమె కాసేపు బండిని పట్టుకుని నిలబడేది, మళ్లీ స్పానరు తీసుకునేది.

పని అయ్యాక సీట్లో కూర్చుని చూసింది. బండి ముక్కు ఎంత లేచినా, ఎంత దిగినా, రెండు అద్దాల్లో ఏదో ఒకదాంట్లో వెనక దారి ఉంది. చాలా బాగా వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేకపోయారు. ఉన్నా చెప్పుకునే మనిషి కాదు.

శుక్రవారం వచ్చినవాళ్లు మిన్నెసోటా నుంచి. హాల్వర్సన్ అని రిటైరైన పళ్ల డాక్టరు, ఆయన భార్య ఇంగ. ఇంగ బండి ముందు భాగంలో రబ్బరు బాతుబొమ్మ ఒకటి పెట్టుకుంది. జీపు వాళ్ల మధ్య ఆ బాతులు ఇచ్చిపుచ్చుకోవడం ఒక సరదా.

మెర్లా వాళ్లకి కట్టుబాటు చెప్పింది. "డాక్టరుగారూ, మీరు నన్ను చూసుకోనక్కర్లేదు, మిమ్మల్ని నేను చూసుకుంటాను. మీ వెనక గార్న్ ఉంటాడు. ఆయన మీ మనిషి. కనపడకపోతే ఆగిపోండి."

"ఆయన తప్పిపోతే నాకేమైనా జరిమానా ఉంటుందా?" అన్నాడు డాక్టరు.

"ఆయన్ని మీరే ఇంటికి తీసుకెళ్లాలి."

"అమ్మో, వద్దు," అంది ఇంగ. "ఇప్పుడున్నాయన గురకే పడలేకపోతున్నా."

గార్న్ తోక బండి మీంచి విన్నాడు. "నేను గురక పెట్టను తల్లీ. నిద్రలో ఇంజిను స్టార్ట్ చేస్తానంతే."

బయల్దేరారు. వాగు ఇసక దాటి బండల మీదికి ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. మెర్లా కళ్లు ముందుకి ఒకసారి, పై అద్దంలోకి ఒకసారి, కింది అద్దంలోకి ఒకసారి తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరు బండి ఎప్పుడూ ఏదో ఒకదాంట్లో ఉంది. గుండ్రటి అద్దంలో ఆటబొమ్మంత బండి, అందులో బఠాణీ గింజంత డాక్టరు టోపీ. కొండ మలుపులో పోయినట్టే పోయి మళ్లీ కనపడేవాడు. ఆమె ఆ అద్దాలకేసి ఎంత చూసిందంటే పైన్ చెట్ల వంపు ఎప్పుడు దాటిందో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకి రాలేదు.

బిషప్ మెట్టు వచ్చింది. వెనకటికి ఎవరో చర్చి పెద్దాయన కొత్త జీపుతో అది ఎక్కబోయి జారి, ఊళ్లోవాళ్లొచ్చి లాగేదాకా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాడట. దారికి అడ్డంగా నడుమెత్తు బండ. దాని మీదికి ఎక్కి అవతల ఏటవాలుగా దిగాలి. ఎడమ చక్రాన్ని ఎత్తు అంచు మీదే ఉంచితే పిల్లాడైనా ఎక్కిస్తాడు. కొంచెం కుడికి జరిగితే వెనక చక్రం పగుల్లోకి దిగిపోతుంది.

ఇన్నేళ్లలో మెర్లా ఆ మెట్టు దగ్గర దిగని రోజు లేదు. తను ఎక్కేశాక బండి ఆపేది. దిగి, అంచు మీద నిలబడి, చెయ్యెత్తి ఒక్కో బండినీ పిలిచేది. ఎడమకి, ఇంకా ఎడమకి, అంతే, రా. చివర తోక బండి వెనక చక్రం దాటేదాకా ఆ చెయ్యి దించేది కాదు.

ఆ రోజు ఎక్కింది, ఆపింది. చెయ్యి సీటుబెల్టు మీదికి పోయింది. నేల ఎంత కిందుందో చూసింది. ఆ కుదుపు మెడలోకి ఎట్లా వస్తుందో కాలు పెట్టకముందే తెలిసింది. పైగా కింది అద్దంలో మెట్టంతా కొట్టొచ్చినట్టు కనపడుతోంది, ఇంత బాగా చేసుకున్నది ఎందుకు మరి. వెనక నుంచి గార్న్ కూడా చూస్తుంటాడు, దిగకుండానే పని జరుగుతుందని అతనికీ తెలుస్తుంది.

బండికీ బండికీ మధ్య మాట్లాడుకునే రేడియోలో చెప్పింది. "డాక్టరుగారూ, ఎడమ చక్రం అంచు మీదే ఉంచండి. మెల్లగా."

అద్దంలో చూసింది. డాక్టరు పళ్లు పీకినంత జాగ్రత్తగా, మెల్లగా ఎక్కించాడు. పక్కన ఇంగ రెండు చేతులా చప్పట్లు కొడుతోంది. మెర్లా బ్రేకు వదిలింది.

అవతల ఏటవాలు దిగి, ఇసక దారి దాటి, దారులు చీలేచోట జూనిపర్ చెట్టు కింద ఆగింది. అక్కడ నీళ్లు తాగడం అలవాటు. డాక్టరు వచ్చి పక్కన ఆపాడు. ఆమె తృప్తిగా నీళ్ల సీసా మూత తీసింది. దారి పొడుగునా ఒక్కసారి కూడా ఆయన్ని పోగొట్టుకోలేదు.

వెనక దుమ్ము లేవడం లేదు.

"గార్న్ ఏడీ?"

డాక్టరు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మెడ ఎంత సులువుగా తిరిగిందో ఆమె చూసింది. "ఆ రాతి మెట్టు దగ్గర ఉన్నాడు. నేను ఎక్కాక ఉన్నాడనే అనుకున్నా."

"అద్దంలో?"

"ఈ బండికి మీరు పెట్టిన అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు మేడం. వాగు దాటినప్పట్నుంచీ అంతే. ఇక్కడ వాటిని అట్లాగే పెడతారేమో అనుకున్నాం."

"చాలా అందంగా ఉంది," అంది ఇంగ. "నేనొక ఫోటో కూడా తీశాను."

మెర్లా దిగింది. మెడలో సుత్తి దెబ్బ పడింది. డాక్టరుని లేవమని ఆ సీట్లో తను కూర్చుని చూసింది. అద్దం నిండా నీలం. మధ్యలో ఒక కాకి. అద్దం ఇనప చెయ్యిని వేలితో తోస్తే ఊగింది. సోమవారం బిగించాల్సిన బోల్టు. సోమవారం ఆమె ఏటవాలు మీద కూర్చుని బస్సు అద్దానికి వాషర్లు కోసుకుంటోంది.

రేడియోలో పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పిలిచింది.

"మీరిద్దరూ ఈ నీడలోనే ఉండండి. నీళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. నేను వెనక్కి వెళ్లి వస్తా."

"మేమూ రావాలా?" అన్నాడు డాక్టరు, మొహం మారిపోయి. "ఆయన నా మనిషి కదా."

"మీ తప్పేం లేదు," అంది ఆమె. తన బండెక్కింది.

తిరిగి పోయేటప్పుడు అద్దాల్లోకి చూడలేదు. రెండింట్లోనూ తన దుమ్మే ఉంది.

తోక బండి బిషప్ మెట్టు మీద కుడి వైపుకి ఒరిగి, వెనక చక్రం పగుల్లో ఇరుక్కుని, ముందు చక్రం గాల్లో నిలబడి ఉంది. గార్న్ ఇవతల నీడలో నేల మీద కూర్చున్నాడు. ఒక కాలి బూటు విప్పేశాడు. మడమ ఉబ్బింది. పెదాలు ఎండిపోయాయి. ఎండు మాంసం ముక్క ఒకటి నమలలేక నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

మెర్లా బండి అంచు పట్టుకుని దిగి, నీళ్ల డబ్బా తెచ్చి ఇచ్చింది. అతను ఆపకుండా తాగాడు. తర్వాత నోరు తుడుచుకున్నాడు.

"నీ వెనక బండి కనిపించిందా?"

"కనిపించింది."

"బాగా కనిపించిందా?"

"బాగా కనిపించింది."

"మంచిదే. అందులో నేను లేను."

ఆమె అతని కాలి దగ్గర కూర్చుంది. అతని మడమ నొక్కి చూసింది. అతను బూతు మాట ఒకటి అన్నాడు. విరగలేదని ఇద్దరికీ అర్థమైంది.

"రేడియో ఏమైంది?"

"బండి ఒరగ్గానే తలుపులేని వైపు నుంచి దొర్లిపోయింది. నీళ్ల డబ్బా కూడా. దాని కోసం దిగబోయి ఇది చేసుకున్నా." ఆ పగులుకేసి చూస్తూ అన్నాడు. "సిగ్గుపోయే సంగతి చెప్పనా. ఈ మెట్టు నాకు చేతకాదు."

"నువ్వే చూపించావు నాకు, మొదటిసారి."

"అప్పుడు చేతనయ్యేది. ఆ తర్వాత నువ్వు పైన నిలబడి చెయ్యి ఊపుతుంటే ఆ చెయ్యి చూసి తోలడం అలవాటైంది. రాయి చూడటం మానేసి ఎన్నేళ్లయిందో. ఇవాళ ఎక్కబోయి తలెత్తితే నువ్వు లేవు. నీ బండి వెనక భాగం దిగిపోతోంది. చక్రం ఎక్కడుందో కూడా తెలియలేదు నాకు."

ఆమె వెళ్లి లాగే పట్టీ తెచ్చింది. కొక్కేలు తగిలించింది. రాళ్లు ఏరి పగుల్లో పేర్చింది. ఒకటి పెట్టడానికి ఒకసారి వంగాలి, వంగినప్పుడల్లా పళ్లు బిగబట్టాలి. గార్న్ కూర్చున్నచోటి నుంచి ఆ పళ్లు చూశాడు. బండి ఊడి వచ్చాక అతన్ని తన పక్క సీట్లో ఎక్కించుకుంది. తోక బండిని అక్కడే ఒక పక్కన వదిలేశారు, మర్నాడు వచ్చి తీసుకోవచ్చని. డాక్టరు దంపతులు చెట్టు కింద నిలబడే ఉన్నారు. గార్న్‌ని చూసి ఇంగ తన బాతుబొమ్మ తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని ఊరొచ్చేదాకా ఒళ్లోనే ఉంచుకున్నాడు.

సాయంత్రం షెడ్డులో గార్న్ కాలు స్టూలు మీద, మంచు సంచి మడమ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మెర్లా అతిథుల బండ్లన్నిటి అద్దాలూ ఒక్కొక్కటే బిగించి వచ్చింది. వాటికి కూడా టైరు ట్యూబు వాషర్లు వేసింది. ఇక తన బండి దగ్గరికి వచ్చి, కింది బందు ముందు పీట వేసుకుని కూర్చుంది.

"మాటంటే మాటే," అన్నాడు గార్న్. "నీ వెనక బండిని నువ్వు వదల్లేదు. ముందు బండి నీది."

"మెట్టు దగ్గర దిగలేదు నేను."

"చూశాను."

"అద్దం ఉంది కదా అని కాదు. అది నాకు నేను చెప్పుకున్న మాట." ఆమె బోల్టు తలకి స్పానరు పెట్టి ఆగింది. "దిగితే నొప్పి. కాలు కింద పడితే ఇక్కడ కొడుతుంది. దిగిన ప్రతిసారీ."

"ఎప్పట్నుంచి?"

"మళ్లీ పనిలోకి వచ్చినప్పట్నుంచి."

"ఆపరేషన్ చేసిన డాక్టరుకి చెప్పావా?"

"చెబితే కుర్చీలో కూర్చోమంటాడు. ఆ మాట అనడానికి నువ్వొకడివి ఉన్నావు కదా, ఇంకొకడెందుకు?"

గార్న్ నవ్వబోయి మడమ కదిలి ఆగిపోయాడు. షెడ్డు కప్పు మీద ఎండ దిగి రేకులు టకటకమంటున్నాయి.

"కౌంటరు అనమంటావా మరి?" అన్నాడు అతను. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు. ఆమె ఏం చెబితే అదే చేసేట్టు ఉంది.

ఆమె బోల్టు విప్పింది. బస్సు అద్దం చేతిలోకి వచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది.

"అదేంటి? అంత కష్టపడి పెట్టావు."

"పళ్ల డాక్టరు తోలిన బండికి పెడతా. మధ్య బండికి కనపడాలి. వాళ్లకి అలవాటుండదు, మెడ తిప్పి చూడాలని వాళ్లకి తోచదు."

"నీకో?"

"నాకు పైది చాలు. ఈ బందుకి ఉన్నవి రెండు బోల్టులు. అద్దమైనా ఉండాలి, కాలు పెట్టుకునే మెట్టైనా ఉండాలి. రెండూ పట్టవు."

తుప్పు సామాన్లలోంచి మందపాటి ఇనప పలక ఒకటి తెచ్చింది. అరచేతి వెడల్పుంది. బూటు ఆనించి కొలుచుకుంది. రెండు కన్నాలు వేసి, అంచులు ఆకురాయితో రాసి, పైన గరుకుగా ఉండటానికి వెల్డింగు చుక్కలు పెట్టింది. బందు మీద బిగించి, బరువంతా వేసి నిలబడి చూసింది. కదల్లేదు. సీటు పైన ఇనప చట్రానికి పాత సీటుబెల్టు పట్టీ ఒకటి ఉచ్చులాగా కట్టింది, చెయ్యి వేసి పట్టుకోవడానికి.

గార్న్ అదంతా చూస్తూనే ఉన్నాడు. "దీంతో నొప్పి పోతుందా?"

"పోదు. సగం ఎత్తు తగ్గుతుంది."

"అయితే దిగుతావన్నమాట."

"దిగుతా. మెల్లగా దిగుతా. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనీ. చలికాలం వచ్చి తలుపులు మళ్లీ పెట్టేదాకా చూద్దాం. ఆ తర్వాత సంగతి అప్పుడు నేనే చెబుతా. నువ్వు గడియారం చూపించనక్కర్లేదు."

"సరే," అన్నాడు గార్న్. మంచు సంచి సర్దుకున్నాడు. "నా బండికి కూడా అట్లాంటి మెట్టొకటి చేసిపెట్టు."

"రేపు. ఇవాళ ఓపిక లేదు."

అతని మడమ వాపు తగ్గి మళ్లీ తోక బండి తోలిన మొదటి రోజు మధ్యలో అతిథుల బండ్లు రెండున్నాయి, నవ్వుకుంటూ అరుచుకుంటూ వచ్చే కుర్రకారు. బిషప్ మెట్టు ఎక్కాక మెర్లా బండి ఆపింది. బెల్టు విప్పి, పట్టీ అందుకుని, బూటు ఇనప పలక మీద పెట్టింది. అక్కడ ఒక క్షణం ఆగి, రెండో కాలు నేలకి దించింది. మెడలో దెబ్బ తగిలింది, కాని ఇదివరకటంత గట్టిగా కాదు. అంచు దాకా నడిచి, వాళ్ల వైపు మనిషి మొత్తం తిరిగి, చెయ్యెత్తింది.

మొదటి బండి వచ్చింది. ఎడమకి, ఇంకా ఎడమకి. రెండో బండి కుర్రాడు అప్పటికే విసుగొచ్చి హారన్ కొట్టాడు. ఆమె వాడి వైపు చూడలేదు, చక్రం వైపు చూస్తూ చెయ్యి ఊపింది. వాడూ ఎక్కాడు. చివర గార్న్ వచ్చాడు. తలెత్తి ఆమె చెయ్యి చూశాడు. తర్వాత పక్కకి వంగి రాయి చూశాడు. మళ్లీ చెయ్యి చూశాడు. తోక బండి వెనక చక్రం అంచు దాటి ఇవతల పడేదాకా ఆమె చెయ్యి దించలేదు.

భుజం లాగుతోంది. చెయ్యి దించి, బండి దాకా నడిచి వెళ్లి, పట్టీ పట్టుకుని కాసేపు నిలబడింది. ఇక మళ్లీ ఎక్కాలి.